సినగాగ్‌లో స్త్రీ కట్టిన బాణీ

జర్మనీలోని వోర్మ్స్ పట్టణంలో 1275లో కన్నుమూసిన ఉరానియా అనే యూదు స్త్రీ సమాధిరాతి మీద, ఆమె యూదుల ప్రార్థనామందిరమైన సినగాగ్‌లో గాయకుల్లో ముఖ్యుడైన అబ్రాహాము కూతురనీ, తానూ స్త్రీల ముందు నిలిచి మధురంగా స్తోత్రాలు పాడుతూ ఆరాధన నడిపించేవారనీ హీబ్రూలో చెక్కి ఉంది. మన తెలుగు బైబిలు సమాజమందిరం అని పిలిచే ఆ సినగాగ్‌ను ఆనుకుని, ఆ ఊళ్లో స్త్రీల కోసం వేరే హాలు 13వ శతాబ్దం తొలినాళ్లలోనే కట్టారు. ఆ రాయి ఆమె గొంతును గుర్తుపెట్టుకుంది. బాణీల ఊసెత్తలేదు.

యూదు ఆరాధనలో స్త్రీల సంగీతం గురించి ఎప్పుడు మాట వచ్చినా చర్చ గొంతు చుట్టూనే తిరుగుతుంది. స్త్రీ పాడవచ్చా, పాడితే ఎవరి ముందు పాడాలి అన్నంతవరకే. బాణీ ఎవరు కట్టారన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న అని నా నమ్మకం. పాడేవారి గొంతు ఆ పూటకు వినిపించి ఆగిపోతుంది. బాణీ మాత్రం సమాజం మొత్తం నోట్లో నిలిచి, ప్రార్థన ఎలా ఉండాలో తరాల తరబడి నేర్పుతుంది.

గొంతు మీద ఆంక్షకు మూలం యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం తల్మూద్‌లోని బెరఖోత్ భాగం. స్త్రీ కంఠం నగ్నత్వంతో సమానమని అక్కడ షమూయేల్ అనే పండితుడు అంటాడు, బైబిలులోని పరమగీతంలో ఒక వచనాన్ని ఆధారంగా చూపిస్తాడు. ఆ ఒక్క మాటను తర్వాతి ధర్మశాస్త్రకారులు రకరకాలుగా విస్తరించారు. అయితే ఈ ఆంక్ష యూదులందరిలోనూ ఒకేలా లేదు. మన పక్కనున్న కేరళలో కొచ్చి యూదు స్త్రీలు మగవాళ్లు వింటుండగానే పండుగల్లో, పెళ్లిళ్లలో మలయాళ పాటలు పాడేవారు, మగవాళ్లతో కలిసి హీబ్రూ కీర్తనలూ పాడేవారు. చేతిరాత నోటుపుస్తకాల్లో తల్లుల నుంచి కూతుళ్లకు వచ్చిన ఆ పాటలు, 1950ల్లో వాళ్లు ఇజ్రాయెల్‌కు తరలినప్పుడు వాళ్లతోపాటే వెళ్లాయి.

అమెరికాలో తలుపు మెల్లగా తెరుచుకుంది. 20వ శతాబ్దం తొలి సగంలో ఫ్రేడెలె ఓయిషర్, సోఫీ కర్ట్సర్ వంటి గాయనులు సినగాగ్‌లో ప్రార్థనను పాడుతూ నడిపించే కాంటర్ల ఆరాధన గానాన్ని కచేరీల్లో, రికార్డుల్లో పాడి మెప్పించారు, కానీ సినగాగ్ వేదిక వారికి అందలేదు. యూదుల్లో ఉదారవాద శాఖ అయిన రిఫార్మ్ శాఖలో తొలి మహిళా కాంటర్‌గా బార్బరా ఆస్ట్‌ఫెల్డ్ 1975లో నియమితులయ్యారు. సంప్రదాయానికి కొంత దగ్గరగా ఉండే కన్సర్వేటివ్ శాఖకు మరో పన్నెండేళ్లు పట్టింది.

బాణీల తలుపు మాత్రం అంతకు కొంచెం ముందే తెరుచుకుందన్నది గమనించాల్సిన విషయం. మిరియం గిడియన్ 1970లో క్లీవ్‌లాండ్‌లోని ది టెంపుల్ కోసం పూర్తి ఆరాధనను స్వరపరిచారు. అలాంటి బాధ్యతను ఒక సినగాగ్ స్త్రీకి అప్పగించడం అదే మొదటిసారిగా చెబుతారు. 1974లో న్యూయార్క్‌లోని పార్క్ అవెన్యూ సినగాగ్ కోసం యూదుల వారపు విశ్రాంతి దినమైన సబ్బాతు సాయంకాల ఆరాధనకు మరో రచన చేశారు. అక్కడి కాంటర్ డేవిడ్ పుటర్‌మన్ 1943 నుంచి లియొనార్డ్ బెర్న్‌స్టయిన్, కుర్ట్ వైల్ వంటి హేమాహేమీల చేత ఆరాధన సంగీతం రాయించినవాడు. గిడియన్‌ది ఆధునిక శాస్త్రీయ సంగీతం, దానికి శిక్షణ పొందిన కాంటరూ గాయకబృందమూ కావాలి. భక్తులు వినగలరు, కలిసి పాడలేరు.

డెబ్బీ ఫ్రీడ్‌మన్ సరిగ్గా దీనికి ఎదురు దిక్కు నుంచి వచ్చారు. 1951లో పుట్టిన ఆమెకు శాస్త్రీయ శిక్షణ లేదు. గిటారు పట్టుకుని, యువజన శిబిరాల్లో పిల్లలు గుంపుగా పాడుకునే పద్ధతిలో ప్రార్థనలకు బాణీలు కట్టారు, 1972లో తొలి ఆల్బమ్ తెచ్చారు. ఆమె పని ఎంత సూక్ష్మమో తెలియాలంటే రెండు పాటలు దగ్గరగా చూడాలి. ఆదికాండములో దేవుడు అబ్రాహామును బయలుదేరమన్న మాట హీబ్రూలో 'లెఖ్ లెఖా'. తెలుగులో 'వెళ్లు' అంటే ఆడవారికైనా మగవారికైనా ఒకటే, హీబ్రూలో మాత్రం క్రియ మారుతుంది. ఆమె పాట 'లెఖీ లాఖ్' అని మొదలవుతుంది, అంటే ఆ పిలుపు ఇప్పుడు స్త్రీకి అందుతోంది. కొద్దిపాటి అచ్చుల మార్పుతో అబ్రాహాము భార్య శారా కూడా ప్రయాణానికి లేచింది.

రెండోది రోగుల స్వస్థత కోరే 'మీ షెబేరఖ్'. సంప్రదాయ ప్రార్థన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అనే తండ్రుల పేర్లతో మొదలవుతుంది. 1987లో రబ్బీ (యూదు మతగురువు) డ్రోరా సెటెల్‌తో కలిసి చేసిన పాటలో ఫ్రీడ్‌మన్ మొదటి చరణంలో తండ్రుల తర్వాత తల్లులను, రెండో చరణంలో తల్లుల తర్వాత తండ్రులను నిలిపారు. నేడు అమెరికాలోని ఎన్నో సినగాగ్‌లలో ఈ పాటకు ముందు కాసేపు ఆగుతారు, జబ్బుతో ఉన్న తమవారి పేర్లను భక్తులు ఒక్కొక్కరే పైకి చెబుతారు, ఆ వెంటనే అందరూ కలిసి పాడతారు. రిఫార్మ్ శాఖ 2007 నాటి ప్రార్థన గ్రంథంలోకి ఈ పాట మాటలు చేరాయి.

ఇవి శిబిరం పాటలేననీ, సులువుగా ఉండి ఆరాధన గాంభీర్యాన్ని పలచన చేశాయనీ విమర్శ ఉంది. గాయకబృందాల గొప్ప సంప్రదాయం వెనక్కి తగ్గిందన్న బాధ నిజమైనదే, గిడియన్ రచనలు అరుదుగా వినిపించడం నాకూ లోటుగానే తోస్తుంది. అయినా ఆసుపత్రిలో ఉన్న తల్లి పేరు పైకి చెప్పిన మనిషి మరుక్షణం గొంతు కలపగలిగేలా బాణీ కట్టడాన్ని సులువైన పని అనడం అన్యాయం. సంగీత లిపి చదవలేని ఆమె 2011లో, 59వ ఏట మరణించాక, హీబ్రూ యూనియన్ కాలేజీ కాంటర్లకు శిక్షణనిచ్చే తన విభాగానికి ఆమె పేరే పెట్టింది.

సబ్బాతు ముగిసిన రాత్రి పేనిన కొవ్వొత్తి వెలిగించి, ద్రాక్షారసం, సుగంధద్రవ్యాలు ముందుంచుకుని చేసే హవ్‌దాలాకు ఆమె కట్టిన బాణీ శాఖల హద్దులు దాటింది. సంప్రదాయాన్ని కఠినంగా పాటించే ఆర్థడాక్స్ కుటుంబాల్లోనూ మగవాళ్లు దాన్ని పాడతారు. కట్టినది ఎవరో చాలామందికి తెలియదు. ఆమే వచ్చి అదే బాణీ పాడితే, ఆ ఇళ్లలో కొన్నింట మగవాళ్లు లేచి బయటికి వెళ్లాల్సి వచ్చేది.