సేవ్ గారూ, ఇంతకీ మీరు కాపాడింది ఎవర్నండీ?

బేస్‌బాల్ లెక్కల్లో వెలిగిపోతున్న శ్రీ సేవ్ గారికి,

నమస్కారాలండీ. క్రికెట్ చూస్తూ పెరిగినోణ్ణి, బేస్‌బాల్ పిచ్చి నాకు లేటుగా అంటుకుంది. మీ పేరు వినగానే మునిగిపోయే పడవని ఒడ్డుకి లాక్కొచ్చినోడికి ఇచ్చే బిరుదేమో అనుకున్నా. తీరా రూలు చదివితే, టీము మూడు పరుగుల లీడ్‌లో ఉండగా, బేసుల మీద అవతలి టీము రన్నరన్న పురుగు కూడా లేకుండా, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పిచర్, అంటే మన బౌలర్ లాంటోడు, తాపీగా దిగి, మధ్యలో రెండు పరుగులు సమర్పించుకుని కూడా ఎలాగోలా మూడు అవుట్లు లాగేస్తే చాలంట, మీరు వచ్చి ఖాతాలో పడిపోతారంట!

మరి ఏడో ఇన్నింగ్స్‌లో లీడ్ ఒక్క పరుగే, బేసులు మూడూ నిండిపోయాయి, ఒక్క అవుటూ పడలేదు, అప్పుడు దిగి ఒక్కణ్ణి కూడా ఇంటికి, అంటే పరుగు వచ్చే హోమ్ బేసుకి, రానీకుండా ఆపినోడికి ఏంటండీ? హోల్డ్ అని ఒకటి చేతిలో పెడతారు, దాని పేరు అఫీషియల్ రూల్ బుక్కులో కూడా ఉండదు. తెల్లారుజామున లేచి పెళ్ళి వంట మొత్తం చేసినోణ్ణి వదిలేసి, చివర్లో మజ్జిగ పోసినోడికి శాలువా కప్పినట్టుంది. సొమ్మొకడిది సోకొకడిది అని మావాళ్ళు ఊరికే అన్లేదు.

2007 ఆగస్టు 22 గుర్తుందా? బాల్టిమోర్‌లో టెక్సాస్ రేంజర్స్ 30-3తో గెలిచిన రోజు. వాళ్ళ పిచర్ వెస్ లిటిల్టన్ దిగేసరికే స్కోరు 14-3. ఆఖరి మూడు ఇన్నింగ్స్ వేస్తే లీడ్ ఎంతున్నా చాలంట, కాబట్టి రూలు ప్రకారం సేవ్. 27 పరుగుల తేడాతో గెలిచిన మ్యాచ్‌ని ఎవరి బారి నుంచి కాపాడారో మీరే చెప్పాలి. పాపం ఆయన తప్పేం లేదు, వెయ్యమన్నారు వేశాడు.

మీరు పుట్టిన కథ ఇంకా కామెడీ. 1959లో పిట్స్‌బర్గ్ రిలీవర్ (ముందు పిచర్ బదులు మధ్యలో దిగేవాడు) ఎల్రాయ్ ఫేస్ ఖాతాలో 18 గెలుపులు, ఒక్కటే ఓటమి. అందులో కొన్ని ఎలా వచ్చాయంటే, ఈయన దిగి ఉన్న లీడ్ పోగొట్టడం, తర్వాత బ్యాటర్లు మళ్ళీ కొట్టి గెలిపించడం, గెలుపు మాత్రం ఈయన పేరు మీద. అది చూసి ఒళ్ళు మండి షికాగో రిపోర్టర్ జెరోమ్ హోల్ట్‌జ్‌మన్ మిమ్మల్ని తయారుచేశాడు, 1969లో అఫీషియల్ అయ్యారు. ఇవాళ్టికీ లీడ్ పోగొట్టినోడి ఖాతాలోకే గెలుపు వెళ్తూనే ఉంది. మందు వచ్చింది, రోగం అలాగే ఉంది.

ఇదంతా లెక్కల గొడవేలే అని ఊరుకునేవాణ్ణే, కానీ ఇప్పుడు మేనేజర్లు కూడా మిమ్మల్ని చూసే బౌలర్‌ని దించుతున్నారు, సారీ, పిచర్‌ని. 2016 అక్టోబర్ 4, టొరంటోలో బాల్టిమోర్ ఆడుతోంది, ఓడితే సీజన్ అయిపోయినట్టే. వాళ్ళ దగ్గర జాక్ బ్రిటన్ ఉన్నాడు, ఆ ఏడాది 47 ఛాన్సుల్లో 47 సేవ్‌లు. 2-2తో 11వ ఇన్నింగ్స్. బయటి గ్రౌండ్‌లో లీడ్ లేనిదే మీరు రారు కదా, అందుకని బ్రిటన్‌ని బెంచీ దగ్గరే దాచారు. ఇంకో పిచర్ ఉబాల్డో హిమెనెజ్‌ని ఉంచితే టొరంటో బ్యాటర్ ఎన్‌కర్నాసియోన్ మూడు పరుగుల హోమర్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి ఇంటికి పంపించేశాడు. బాల్టిమోర్ మేనేజర్ షోవాల్టర్ మనసులో ఏముందో ఎవరు చూశారు గానీ, వచ్చే చుట్టాల కోసం నెయ్యి దాచిపెట్టి పిల్లలకి ఉత్తన్నం పెట్టినట్టు లేదూ? ఆ చుట్టాలు కూడా రాలేదు.

652 సేవ్‌ల రిలీవర్ మరియానో రివేరాని చూపించి నా నోరు మూయించకండి, ఆయన మీరు లేకపోయినా గొప్పోడే.

ఇట్లు,
రిమోట్ విసిరేసిన ఒక అభిమాని

తా.క. మీ చుట్టం ఈఆర్ఏ (పిచర్ ఇచ్చిన పరుగుల సగటు) గారికి కూడా ఇంకో లేఖ రాస్తున్నా. ముందోడు బేసు మీద వదిలేసిన రన్నర్లని రిలీవర్ వచ్చి వరసగా ఇంటికి పంపించేస్తే, ఆ పరుగులన్నీ ముందోడి లెక్కలోనే రాస్తారంట, రిలీవర్ చొక్కాకి మరక కూడా అంటదంట.