ఆరడుగుల పైపు ఆదా

గ్యాస్ గీజరును స్నానాలగది లోపలే, అదీ వీలైనంత ఇరుకైన గదిలో, వీలైనంత చిన్న వెంటిలేటరు కింద బిగించాలన్న సిద్ధాంతాన్ని ఎందరో గృహస్థులు నిష్ఠగా ఆచరిస్తున్నప్పటికీ, దానిని సమర్థిస్తూ నాలుగు వాక్యాలు రాసిపెట్టినవాడు మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు. వ్యతిరేకించేవారికి కొదవ లేదు. గీజరుతోపాటు పెట్టెలో వచ్చే పుస్తకం వద్దంటుంది, ఇంజనీర్లు వద్దంటారు, వైద్యులు వద్దంటారు, మంటలార్పేవారు వద్దంటారు. ఇంతమంది కూడబలుక్కుని ఎదిరిస్తున్న పక్షానికి ఒక్క వకీలైనా లేకపోవడం ధర్మం కాదనిపించి, ఫీజు ఆశించకుండా ఈ వకాల్తా పుచ్చుకుంటున్నాను.

మా పక్షం వాదనంతా ఒక్క ముక్కలో చెప్పవచ్చు. ఆరడుగుల పైపు ఆదా అవుతుంది. గీజరును బయటి గోడకో, గాలి ధారాళంగా ఆడే బాల్కనీకో తగిలిస్తే అక్కడినుంచి వేన్నీళ్లను లోపలికి తేవడానికి ఆరడుగుల పైపు, రెండు ఎల్బోలు, అన్నిటికీ మించి గోడకు ఒక కన్నం కావాలి. ముచ్చటపడి ఏరి తెచ్చుకున్న టైల్సు మీద డ్రిల్లు పెట్టించడానికి ఏ ఇంటి యజమానికి చేతులొస్తాయి? లోపలే తగిలిస్తే షవరు పక్కన గీజరు, గీజరు పక్కన మనిషి, ఎక్కడివాళ్లక్కడ సర్దుకుపోతారు. టైలు పగలదు. పగిలేది మరేదైనా ఉంటే అది తర్వాతి సంగతి.

ఎదుటి పక్షంవారు మొట్టమొదట లేవనెత్తే అభ్యంతరం గాలి. సిలిండరులో వచ్చే గ్యాసులో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండాలంటే 5 పాళ్ల ఆక్సిజన్, అంటే దాదాపు 24 పాళ్ల గాలి కావాలి. నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడెక్కించే మామూలు గీజరు, వెలిగినంతసేపూ ఆ నీటికి 10 కిలోవాట్లకు పైగా వేడిని అందిస్తుంది. వంటింటి లెక్కలో చెప్పాలంటే నాలుగైదు పొయ్యిలు ఒకేసారి పెద్దమంట మీద వెలిగించినట్టు. ఆ మంట గంటకు సుమారు 12 ఘనపు మీటర్ల గాలిని అడుగుతుంది. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న స్నానాలగదిలో ఉండే గాలి మొత్తం ఐదున్నర ఘనపు మీటర్లే. అందులోనే స్నానం చేసే మనిషి కూడా ఊపిరి పీల్చుకోవాలని ఎదుటి పక్షంవారు పట్టుబడుతున్నారు.

ఈ లెక్కను నేను కాదనను. నాలుగు పొయ్యిలను స్నానాలగదిలోకి మోసుకొచ్చి, అన్నిటినీ వెలిగించి, తలుపు గడియ బిగించుకుని, వాటి పక్కన నిలబడి కూనిరాగం తీయమంటే బుద్ధి ఉన్నవాడెవడూ ఒప్పుకోడు. అదే మంటకు ఒక తెల్లని రేకు తొడుగు వేసి, ముందు రెండు గుండ్రటి మీటలు అమర్చి ఇస్తే మాత్రం నిశ్చింతగా తీస్తాడు. మనిషికి రేకు మీద ఉన్న ఈ నమ్మకాన్ని నిలబెట్టడమే మా పక్షం పెట్టుకున్న బాధ్యత.

ఇక పొగ విషయం. గాలి నిండుగా దొరికినంతసేపూ మంట నీలంగా, ఒద్దికగా మండి బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరిని వదులుతుంది. గాలి చాలకపోయేసరికి పని సగంలో ఆపి కార్బన్ మోనాక్సైడును వదలడం మొదలుపెడుతుంది. మంట పసుపుబారడం, తొడుగు మీద మసి పట్టడం దాని జాడలంటారు. అయితే సబ్బు కళ్లలో పడకుండా కళ్లు మూసుకున్నవాడికి మంట ఏ రంగైతేనేం? కార్బన్ మోనాక్సైడంత మర్యాదస్తుడైన అతిథి మరొకడు లేడు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, దగ్గు రానివ్వడు, కళ్లు మండనివ్వడు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని, ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తాను తిష్ఠ వేస్తాడు. ఇతగాడు రక్తాన్ని ఎలా పట్టుకుంటాడో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రజ్ఞుడు 1850ల నాటికే తేల్చి చెప్పాడు. బయటికి వచ్చి మంచి గాలి పీల్చుకున్నా, చేరిన దానిలో సగం దిగిపోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. చుట్టరికంలో కూడా ఇంతకంటే మొండిగా కూర్చునేవారిని నేను చూడలేదు.

తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం వస్తాయి కదా అంటారు. వస్తాయి. వచ్చినప్పుడు పైత్యం చేసిందనో, రాత్రి నిద్ర చాలలేదనో, నీళ్లు మరీ వేడిగా పోసుకున్నాడనో చెప్పడానికి ప్రతి ఇంట్లోనూ ఒక పెద్దమనిషి సిద్ధంగా ఉంటాడు. కాస్త చదువుకున్న ఇల్లయితే వేలికి ఆక్సీమీటరు తగిలించి చూస్తారు. మామూలు ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడు ఎక్కిన రక్తానికీ, ఆక్సిజన్ ఎక్కిన రక్తానికీ తేడా పోల్చుకోలేక, అంతా సవ్యంగా ఉందన్నట్టు 98 చూపిస్తుంది. యంత్రాలలో సైతం మా పక్షానికి మిత్రులున్నారని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మా పక్షంలోనివారే తరచూ వాడే ఒక వాదనను ఇక్కడ కొద్దిగా సవరించవలసి ఉంది. "వాసన రాలేదు కాబట్టి ప్రమాదం లేదు" అంటుంటారు. గ్యాసుకు సహజంగా చెప్పుకోదగ్గ వాసన ఉండదు. లీకైతే తెలియడానికి మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కావాలని కలుపుతారు. 1937 మార్చిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ అనే చోట, వాసన లేని సహజవాయువు ఒక బడి భవనం కింద నిశ్శబ్దంగా పోగై పేలి, సుమారు మూడు వందలమంది పిల్లలు, ఉపాధ్యాయులు చనిపోయిన తర్వాత ఈ కంపు చట్టమైంది. కాబట్టి కంపు కొట్టేది మండని గ్యాసు మాత్రమే. మండేటప్పుడు ఆ మెర్కాప్టాన్ కూడా కాలిపోతుంది గనుక, సగం మండిన గ్యాసునుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడుకు హెచ్చరించే వాసన ఏదీ మిగలదు. ముక్కును సాక్షిగా పిలిస్తే కేసు మనకే ఎదురు తిరుగుతుందని మా వారికి సవినయంగా మనవి చేస్తున్నాను.

పొగగొట్టం లేని గీజరును అనాగరికమని ఈసడించేవారికి చరిత్ర తెలియదు. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన నీటిని అప్పటికప్పుడు కాచే గ్యాసు యంత్రానికి పేటెంటు పుచ్చుకుని, ఐస్‌లాండులోని వేడినీటి ఊట పేరు మీద దానికి గీజరని పేరు పెట్టాడు. దానికి పొగగొట్టం లేదు. గొట్టాలు, కవాటాలు, మంటను కనిపెట్టుకుని ఉండే పరికరాలు తరువాతివాళ్లు ఒక్కొక్కటే తగిలించుకుంటూ వచ్చారు. వాటన్నిటినీ ఒక్కొక్కటే ఊడదీసి, ఆ మొదటి రూపాన్ని మన స్నానాలగదుల్లో పునరుద్ధరిస్తున్న ఫిట్టర్లకు పురావస్తుశాఖ తరఫున శాలువా కప్పవలసిన మాట.

మా ఇంటికి వచ్చిన ఫిట్టరు ఆ కోవలోని విద్వాంసుడు. గీజరు బిగించిన పది నిమిషాలకే, "పైన గాజుపలకల సందులోంచి గాలి కొడుతోంది సార్, మంట కదులుతుంది, మూసేద్దామా?" అని అడిగాడు. అతని చేతిలో అప్పటికే అట్టముక్క ఉంది. మా బావమరిది రాజీ మార్గంగా, అట్ట పెట్టి దాని పక్కన ఎక్స్‌హాస్ట్ ఫ్యాను బిగిస్తే పొగంతా పోతుందన్నాడు. తలుపు మూసి, గాలి లోపలికి వచ్చే దారులన్నీ మూసి, ఫ్యాను ఒక్కటే తిప్పితే, అది లాగడానికి గాలి దొరకక, పొగగొట్టం ఉన్నచోట పైకి పోతున్న పొగనే వెనక్కి లోపలికి లాగుతుంది. ఒక్క మీట నొక్కి పొగగొట్టాన్ని పొగ దిగే గొట్టంగా మార్చడం మంత్రవిద్య కాక మరేమిటి? గదిలోని గాలి జోలికి పోకుండా, బయటినుంచే గాలి తీసుకుని బయటికే పొగ వదిలే గీజర్లు కూడా ఉన్నాయని ఎదుటి పక్షంవారు గుర్తుచేస్తారు. ఉన్నాయి, కానీ వాటికి గోడకు కన్నం కావాలి. మన కథ మొదలైంది ఆ కన్నం దగ్గరే కదా.

తరువాత లీకు పరీక్ష. సబ్బుపెట్టెలో నానిన గులాబీరంగు సబ్బుబిళ్ల మా ఫిట్టరు మోచేతికి జానెడు దూరంలో ఉంది. దాన్ని వేలితో కాస్త అరగదీసి ఆ నురగను జాయింటు మీద పూస్తే, లీకు ఉన్నచోట బుడగ లేస్తుంది, పరీక్ష ముగుస్తుంది. ఆయన ఆ సబ్బువైపు కన్నెత్తయినా చూడలేదు. చొక్కా జేబులోంచి అగ్గిపెట్టె తీసి, పుల్ల గీసి, రెగ్యులేటరు మొదలు గీజరు దాకా గొట్టం వెంబడి హారతి పట్టినట్టు నెమ్మదిగా తిప్పాడు. లీకు లేదని తేలింది. ఉండి ఉంటే కూడా తేలేదే. కాకపోతే మరింత విస్తృతంగా తేలేది.

సిలిండరును ఆయన సింకు కింద అరలో, తలుపు మూసుకునేలా, కొంచెం ఏటవాలుగా కూర్చోబెట్టాడు. ఈ గ్యాసు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కాబట్టి, లీకైతే పైకి పోకుండా నేలబారున పరుచుకుని, మూసిన అరలోనూ పల్లంలోనూ కదలకుండా పడి ఉంటుంది. సిలిండరు నిటారుగా లేకపోతే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటరులోకి దిగే ప్రమాదం ఉంది. రబ్బరు గొట్టాన్ని గోడలో పూడ్చి పైన సిమెంటు చేస్తే అందంగా ఉంటుందని కూడా ఆయన సూచించాడు. అది ఎప్పుడు పగుళ్లు తీసిందో ఇక ఎవరి కంటా పడదు గనుక, మనశ్శాంతికి అంతకుమించిన ఉపాయం లేదు.

మంట ఆరిపోతే గ్యాసును తనంతట తానే ఆపేసే పరికరం ఒకటి, గదిలో ఆక్సిజన్ తగ్గితే ఆపేది మరొకటి, ఇరవై నిమిషాలు దాటగానే ఆపేది ఇంకొకటి ఈనాటి గీజర్లలో చాలావాటిలో ఉంటాయి. "ఊరికే ఆగిపోతోందని ఫోన్లు చేస్తారు సార్, వాటి వైరు కలిపేసి అవి పనిచేయకుండా చేస్తే గొడవ ఉండదు," అన్నాడు ఫిట్టరు. నేను వకీలును గనుక, తల ఊపాను.

ఇంతలో మా ఆవిడ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆవిడకు హీమోగ్లోబిన్ సంగతి గాని, న్యూ లండన్ సంగతి గాని నేను చెప్పలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న.

"బాబూ, మీ ఇంట్లో గీజరు ఎక్కడ బిగించుకున్నావు?"

"బయటి గోడకేనమ్మా," అన్నాడు అతను, ఆలోచించకుండానే. ఆ తరువాత ఆలోచించి, "మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు కదమ్మా," అని చేర్చి, ఎవరూ అడగకుండానే మేకుల సంచి తెరిచాడు.

అంతటితో నా కేసు కొట్టివేయబడింది. గీజరు బయటి గోడ ఎక్కింది, సిలిండరు అక్కడే నీడపట్టున నిటారుగా నిలబడింది, జాయింట్లకు సబ్బునురగ పూయడం జరిగింది, ఆ వైరు జోలికి ఎవరూ పోలేదు, అట్టముక్క చెత్తబుట్టలో పడింది, టైలుకు కన్నం పడింది. పైపు కొలిస్తే సరిగ్గా ఆరడుగులే పట్టింది. ఆ అర అంగుళం పైపు మొత్తంలో పట్టే నీళ్లు మహా అయితే లీటరులో మూడోవంతు. నిమిషానికి 6 లీటర్ల లెక్కన అవి ఖాళీ కావడానికి మూడు సెకన్లు. గీజరు లోపలే ఉండి ఉంటే ఈ మూడు సెకన్లు నాకు మిగిలేవి. ఇప్పుడు రోజూ పొద్దున్నే షవరు తిప్పి, కొళాయి కింద చెయ్యి పెట్టి, కన్నం చుట్టూ పూసిన తెల్లసిమెంటును చూస్తూ ఆ మూడు సెకన్లూ వృథాగా నిలబడుతున్నాను.