పుట్టిల్లు అని పేరు పెట్టారు
నేపాల్ సంఘసేవిక అనురాధా కొయిరాలా గారి మీద మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ అవార్డుల గోల ఎక్కువైంది. నేపాలీలో 'మైతీ' అంటే పుట్టిల్లు. అమ్ముడుపోయిన అమ్మాయిలను కాపాడే తన సంస్థకు 1993లో ఆవిడ మైతీ నేపాల్ అని ఆ పేరే ఎందుకు పెట్టారో మనకు వేరే చెప్పాలా? కాఠ్మాండూలో టీచరుగా ఉన్న రోజుల్లో పశుపతినాథ్ గుడి దగ్గర బిచ్చమెత్తుకునే ఆడవాళ్లను పలకరించి, చిన్న దుకాణం పెట్టుకోమని తలా వెయ్యి రూపాయలు ఇచ్చారు. మొదలు అదీ.

నన్ను కదిలించింది మాత్రం ఆ సంస్థ వాళ్ల సరిహద్దు కాపలా. భారత్, నేపాల్ మధ్య వీసా అక్కర్లేదు, అమ్మాయిలను అమ్మే దళారులకు అదే వరం. మేం ముక్తినాథ్ యాత్రకు వెళ్లినప్పుడు సరిహద్దులోని సునౌలీ గేటు దగ్గర ఒకామె రిక్షా ఆపి, అందులోని ఇద్దరమ్మాయిలను పక్కకు తీసుకెళ్లి విడివిడిగా ఏవో అడుగుతోంది. వెనక మా బస్సు ఆగింది. "ఈవిడ గోలేంటండీ" అని అందరం విసుక్కున్నాం, నాతో సహా. ఒకప్పుడు మోసపోయి, అమ్ముడుపోయి తిరిగొచ్చిన అమ్మాయిలు కూడా అలా కాపలా కాస్తారు. దళారీ వాలకం వాళ్లు పట్టినంత త్వరగా ఎవరు పడతారు?

2017లో మన పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. ఈసారి ఆ గేటు దగ్గర నిలబడేవాళ్ల గురించి రాయండి.