బిల్లు పంపాం, ఇక చెప్పండి

న్యూయార్క్‌లో కారు ప్రమాదం జరిగితే వైద్య ఖర్చుల కోసం తప్పెవరిదో తేల్చుకోనక్కర్లేదు. 1974 నుంచి అక్కడ అమల్లో ఉన్న నో-ఫాల్ట్ పద్ధతిలో ఆ కారు బీమా కంపెనీయే మనిషికి 50 వేల డాలర్ల దాకా ఆసుపత్రి ఖర్చులు, పోయిన జీతంలో కొంత ఇచ్చుకోవాలి. గాయపడినవారు సాధారణంగా ఆ హక్కును డాక్టరుకు రాసిచ్చేస్తారు. బిల్లు పంపేదీ, డబ్బు రాకపోతే కోర్టుకెక్కేదీ డాక్టరే. కంపెనీకి 30 రోజుల గడువు. కట్టాలి, లేదా కారణం చూపి కుదరదనాలి. ఏదీ చేయకపోతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

అయినా ఒక ప్రశ్న అక్కడి కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. బిల్లు పంపినట్టు చూపిస్తే చాలా, లేక అందులో రాసిన ప్రతి పరీక్షా జరిగిందని ముందే రుజువు చేయాలా? 2015 జూన్‌లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చేసింది. నిర్ణీత ఫారంలో బిల్లు వెళ్లింది, కంపెనీకి అందింది, గడువు దాటినా డబ్బు రాలేదు. ఇంత చూపితే డాక్టరు వంతు అయిపోయినట్టే, ఇక మాట్లాడాల్సింది కంపెనీ. అంటే వేల డాలర్ల కేసు పోస్టాఫీసు ముద్ర మీద, ఆ కవరు ఎలా పోస్టు చేశారో చెప్పే ఉద్యోగి అఫిడవిట్ మీద నిలబడుతుంది. రిజిస్టర్ పోస్టు రసీదులు బీరువాలో దాచే మన పెద్దవాళ్లకు ఇందులో వింతేమీ కనపడదు.

దొంగ బిల్లులకు తలుపులు తెరిచారని కంపెనీల గోల. కొట్టిపారేయలేం, కావాలని గుద్దించుకుని లేని నొప్పులకు నెలల తరబడి థెరపీ రాయించిన ముఠాలు అక్కడ పట్టుబడ్డాయి. కానీ అనుమానముంటే కంపెనీ మరిన్ని కాగితాలు అడగొచ్చు, వేరే డాక్టరుతో పరీక్ష చేయించొచ్చు, ప్రమాణం చేయించి ప్రశ్నించొచ్చు. డాక్టరు పేరు అడ్డం పెట్టుకుని ఇతరులు నడిపే క్లినిక్కులకు చెల్లించనక్కర్లేదని అదే కోర్టు 2005లోనే చెప్పింది. ఇన్ని దారులుండీ గడువంతా నిద్రపోయి, కోర్టుకొచ్చాక ‘అసలు వైద్యం జరిగిందా’ అనడం మాకు సబబుగా తోచడం లేదు.

మన మోటారు వాహనాల చట్టంలోనూ తప్పుతో పనిలేని పరిహారం ఉంది. 164వ సెక్షన్ కింద ప్రాణం పోతే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే 2.5 లక్షల రూపాయలు. అంతకు మించి ఖర్చయిందంటే 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి అవతలివారి తప్పూ, మన బిల్లులూ నిరూపించుకోవాలి. క్యారీబ్యాగు నిండా మెడికల్ షాపు చీటీలతో వచ్చిన మనిషి వాటిని బల్ల మీద పరుస్తాడు. మెషీన్ కాగితం మీద అచ్చయినవి విచారణ నాటికి వెలిసిపోయి ఉంటాయి, తేదీ కనపడితే మొత్తం ఎంతో కనపడదు. బిల్లు నిజమేనని చెప్పడానికి ఆసుపత్రి నుంచి సాక్షిని తెచ్చుకునే తిప్పలూ కాలు విరిగినవాడివే.

బిల్లుల నకళ్లు అందిన 30 రోజుల్లో ఫలానా బిల్లు ఫలానా కారణంతో తప్పని బీమా కంపెనీ చెప్పకపోతే దాన్ని నిజమైనదిగానే తీసుకోవాలని మన దగ్గరా నిబంధన రావాలి. ఆసుపత్రికి వెళ్లి రికార్డు చూసుకునే మనుషులు కంపెనీకి ఉన్నారు. ఆ నిబంధన వచ్చేదాకా మందుల చీటీ చేతికందిన రోజే జిరాక్స్ తీయించి పెట్టుకోండి.