చక్రవర్తిగారి బంగారు వాచీకి పర్లాకిమిడి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ బంగారు వాచీ గారికి,

పర్లాకిమిడి నుంచి తమ విధేయుడు చేసుకొను విన్నపం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రా. అదీ మా ఊరు. తమరు జెనీవా, హాంకాంగ్ వేలంపాటలు తప్ప వేరే ఊళ్లు ఎరగరు కాబట్టి చిరునామా విడమరిచి చెప్పుకున్నాను.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. తమ లెక్క అది కూడా కాదు. ఏలినవారు గద్దె మీద ఉన్నన్నాళ్లూ తమరు ఉత్త వాచీ. గద్దె పోయాకే ధర లేస్తుంది. వియత్నాం ఆఖరి చక్రవర్తి బావో దాయ్ సంగతే చూడండి. 1954లో ఆయన దేశాన్ని రెండు ముక్కలు చేసే చర్చలు జెనీవాలో నడుస్తుంటే, అదే ఊళ్లో ఆయన బంగారు రోలెక్స్ కొనుక్కున్నాడు. నల్ల డయల్, అంకెల చోట వజ్రాలు. తేదీ, వారం, నెల, ఆఖరికి చంద్రుడి కళ కూడా చూపిస్తుంది. మరుసటి ఏడు పదవి ఊడుతుందని మాత్రం చూపించలేదు. 2002లో సుమారు 2.35 లక్షల డాలర్లు పలికిన ఆ వాచీ 2017లో 50 లక్షలు దాటింది.

ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ గారి బంగారు వాచీ, స్విస్ కంపెనీ పటేక్ ఫిలిప్‌ది అయితే లీపు సంవత్సరాలు కూడా తనే లెక్కేసుకుంటుంది. ఆయన్ని 1974లో దించేశారు. చైనా ఆఖరి చక్రవర్తి పూయీ గారిది బంగారం కాదు, ప్లాటినం. సోవియట్ నిర్బంధంలో ఉండగా, డయల్ కూడా ప్లాటినమేనా అని నౌకరు చేత గీకించాడట. ఇత్తడని తేలాక సగంలో ఆపించాడట. ఆ గీకుడు మచ్చతోనే 2023లో హాంకాంగ్‌లో 60 లక్షల డాలర్లు దాటింది. మా ఊళ్లో గీకిన డయల్ తెస్తే చాయ్ డబ్బులు కూడా రావు.

మా వైపు తమ చుట్టాలకు కొదవ లేదు. "మా తాతకి రాజావారు ఇచ్చింది" అనే వాచీ వీధికొకటి ఉంది. ఆ మధ్య ఒకాయన పట్టుకొచ్చాడు. రిపేరు మావయ్య కంటికి అద్దం బిగించి వెనక మూత తీశాడు. డయల్ మీద స్విస్ పేరు తళతళ, లోపల హెచ్‌ఎంటీ మిషను. పట్టీ తగిలించే కొమ్ముల దగ్గర పసుపు అరిగి తెల్లలోహం తేలింది. పాత మిషనుకి కొత్త రంగు డయల్ తగిలించే ఈ సరుకుని ముంబై స్పెషల్ అంటారు.

"హెచ్‌ఎంటీ వాచీలు 1961లో మొదలయ్యాయి. అప్పటికి జమీందారీలే లేవు కదేటి బాబూ" అన్నాడు మావయ్య.

"అయితే వాళ్లబ్బాయి ఇచ్చుంటారు" అన్నాడాయన, ఏ టెన్షనూ లేకుండా.

తమరు నిజంగానే మా వైపు ఏ ట్రంకుపెట్టెలోనో ఉంటే ఒక మనవి. పాలిష్ మాత్రం పెట్టించుకోకండి. అంచులు అరిగి ముద్రలు చెరిగితే వేలంవాళ్లు మొహం చూడరు. ఏలినవారి చేతికి ఉండగా తీసిన ఫొటో, కంపెనీ రికార్డు కాగితం ఉంటే వెంట తెచ్చుకోండి. అవి లేకపోతే మా బజార్లో కాటా మీద పెట్టి, గాజూ మిషనూ తీసేసి, తరుగు కొట్టి, మిగిలిన గ్రాములకే డబ్బిస్తారు.

ఇట్లు,
ఫోన్లో టైం చూసుకునే తమ విధేయుడు