అగ్గిపుల్లోపాఖ్యానం

గోడకి వేసిన బెజ్జం వదులైతే అందులో అగ్గిపుల్ల కుక్కి స్క్రూ బిగించవచ్చని మొట్టమొదట కనిపెట్టిన మహానుభావుడెవరో చరిత్రకెక్కలేదు. ఆయనకి ఇంతవరకు ఒక్క విగ్రహమైనా లేకపోవడం మన కృతఘ్నత. పెట్టదలిస్తే ఆ విగ్రహాన్ని ఆయన పద్ధతిలోనే గోడకి బిగించి, దాని కిందే శిష్యులందరినీ కూర్చోబెట్టి సన్మానసభ జరపాలి. ఉపన్యాసాలు కాస్త పొడుగ్గా ఉంటే మంచిది.

గోడకి తగిలించే అర ఒకటి కొంటాం. అట్టపెట్టెలో బ్రాకెట్లతో పాటు చాలాసార్లు చిన్న కవరు కూడా వస్తుంది. అందులో ఎన్ని స్క్రూలుంటే అన్ని ప్లాస్టిక్ గిట్టీలు, అంటే గోడ బెజ్జంలో ముందు దూర్చి, తర్వాత స్క్రూ ఎక్కించాల్సిన గొట్టాలు. రాల్ ప్లగ్గులని కూడా అంటారు. మన గృహస్థు ఆ కవరు పంటితో చింపి, స్క్రూలు తీసుకుని, గిట్టీలను ఒకసారి వెలుతురుకి పట్టి చూసి, ఇవేవో పెట్టెలో సామాను కదలకుండా పెట్టినవని తేల్చేస్తాడు. ప్రతి ఇంట్లోనూ ఒక సొరుగుంటుంది చూశారూ, చచ్చిన బ్యాటరీలు, రాయని పెన్నులు, ఏ తాళానిదో ఎవరికీ తెలియని తాళంచెవి ఉండే సొరుగు, అందులో పడేస్తాడు. పడేసి, అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి నడుస్తాడు. ఆ నడకలో ఉండే ధీమా చూసి తీరాలి.

తర్వాతి క్రతువు ఏ ఇంట్లోనైనా ఒక్కటే. బావగారు ప్లాస్టిక్ స్టూలు మీద. బామ్మర్ది కింద, సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని.

"బావా, బిట్ ఎంతది?"

"ఉన్నది."

ఉన్నది 10 ఎం.ఎం. బిట్, అంటే డ్రిల్లు కొసన తిరుగుతూ బెజ్జం తొలిచే కడ్డీ. స్క్రూ 4 ఎం.ఎం. పైగా అది చెక్కకి వాడే బిట్, మొనలో సూదిలా ముల్లుంటుంది. గోడకి వాడే బిట్ మొన మీద కాడ కంటే వెడల్పుగా గట్టి లోహపు పలక అతికించి ఉంటుంది. ఇలాంటి తేడాలు పట్టించుకునే ఓపిక కార్యసాధకులకి ఉండదు. డ్రిల్లు అరుస్తుంది. గోడ మీద గుండ్రటి మరక తప్ప ఏమీ పడదు. బిట్ మొన కాలి నీలంగా మారుతుంది. "పాతకాలం సిమెంటురా, ఇప్పుడెక్కడిదీ నాణ్యత" అని బావగారు ఇల్లు కట్టినవాణ్ణి మెచ్చుకుంటాడు. మూడు నిమిషాల తర్వాత బామ్మర్ది మెల్లగా అంటాడు: "బావా, డ్రిల్లు వెనక్కి తిరుగుతోందేమో చూడు."

తిరుగుతోంది.

అవమానం డ్రిల్లుది కాదు గనక, దాన్ని ముందుకి మార్చి, పనిలో పనిగా సుత్తిలా కొడుతూ తొలిచే హ్యామర్ మోడ్ కూడా వేసి, మీట ఆఖరిదాకా నొక్కుతాడు. స్టూలు ఊగుతుంది, దాంతో పాటు చెయ్యి, చేతితో పాటు బిట్. గోడ మీది సిమెంటు పూత పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం బొటనవేలు దూరేంత కోలగా తయారవుతుంది. స్క్రూ పెడితే లోపల గలగలలాడుతుంది. ఇక్కడే మన కథానాయకుడు అగ్గిపెట్టె తెరుస్తాడు.

ఒక పుల్ల, చాలదు. రెండు, ఇంకా వదులే. ఐదో పుల్లకి కాస్త బిగుతొస్తుంది. పుల్ల తల లోపలికి ఉండాలా బయటికి ఉండాలా అన్న విషయంలో శాస్త్రకారుల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఏడో పుల్లని సుత్తితో కొట్టి దింపుతారు. అర ఎక్కుతుంది. లోపలి గదిలోంచి ఇల్లాలు వచ్చి, "ఏవండీ, కుడివైపు ఒరిగినట్టు లేదూ?" అంటుంది. "గోడే వంకర" అంటాడాయన. రసమట్టం పెట్టి బుడగ ఎటు పోయిందో చూస్తే తేలే విషయమే. రసమట్టం లేకపోతే సెల్‌ఫోన్‌లోనూ మట్టం చూసే ఏర్పాటుంది. కానీ సెల్‌ఫోన్ టార్చి డ్యూటీలో ఉంది. చివరగా బావగారు రెండు వేళ్లతో, వైద్యుడు నాడి పట్టినంత సున్నితంగా అరని తాకి చూసి ప్రకటిస్తాడు: "కదలట్లేదు!"

నిజమే, కదలదు. అసలు మోసమంతా అక్కడే ఉంది. అగ్గిపుల్ల ఆ పూట పట్టుకుంటుంది. మెత్తటి చెక్క గనక స్క్రూ మర దాన్ని కోసుకుంటూ పోతుంది, అందరికీ బిగిసినట్టే అనిపిస్తుంది. వానాకాలం తేమకి ఆ పుల్లలు ఉబ్బుతాయి, ఎండలకి ముడుచుకుంటాయి, ముడుచుకున్నప్పుడల్లా పట్టు ఒక పిసరు వదులుతుంది. అర మాత్రం ఒకేసారి కూలదు. ముందు వెంట్రుకవాసి వంగుతుంది. ఆ వంగడానికి ఇంట్లో పెట్టుకునే పేరు "మొదట్నుంచీ అంతే".

బరువు కిందికే లాగుతుందనుకోవడం ఈ సంప్రదాయంలో మరో మూలసూత్రం. పూర్తిగా నిజమైతే అగ్గిపుల్ల సిద్ధాంతం కొన్నాళ్లు నిలిచేదేమో. అర మీద 20 కిలోల పుస్తకాలు పెట్టామనుకోండి. మీటరు పొడవున ఒత్తుగా పేరిస్తే ఆ బరువు సులువుగా వస్తుంది. ఆ బరువు కేంద్రం గోడకి 12 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బ్రాకెట్ల పై స్క్రూలకీ కింది అంచుకీ మధ్య ఎత్తు కూడా 12 సెంటీమీటర్లే అనుకుందాం. అప్పుడు కిందికి లాగే 20 కిలోలు కాక, పై స్క్రూలను గోడలోంచి బయటికి పీకే బలం ఇంకో 20 కిలోలు. బ్రాకెట్ ఎత్తు 6 సెంటీమీటర్లే అయితే ఆ పీకుడు 40 కిలోలు. అందం కోసం పొట్టి బ్రాకెట్ కొనేవాళ్లు, పుస్తకాలు అర ముందంచుకి సర్దేవాళ్లు ఈ లెక్క మీద కాసేపు కూర్చోవాలి. అర కింద కాదు, వేరే చోట.

ఈ సమస్యకి మనిషి పరిష్కారం కనుక్కుని నూరేళ్లు దాటింది. అంతకుముందు గోడలో ఉలితో పెద్ద గుంట తొలిచి, చెక్కముక్క దిగ్గొట్టి, అందులోకి స్క్రూ ఎక్కించేవాళ్లు. 1911లో లండన్‌లో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే ఆయన, బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడుచేయకుండా కరెంటు సామాను బిగించాల్సి వచ్చి, జనపనార పోగులను జంతువుల రక్తంతో అతికించి చిన్న గొట్టంలా చేశాడు. రాల్ ప్లగ్గులో ఉన్న రాల్ ఆయనే. 1958లో జర్మనీలో ఆర్టూర్ ఫిషర్ దాన్ని నైలాన్‌తో చేశాడు. ఆయన పేరు మీద వెయ్యికి పైగా పేటెంట్లున్నాయి. ఇంతమంది ఇంత బుర్ర పెట్టి ఉలి, చెక్కముక్కల కాలం నుంచి మనల్ని బయటపడేస్తే, మనవాడు ఏడు పుల్లలతో తిరిగి అక్కడికే చేరాడు. ఆనాటి చెక్కముక్క కనీసం గట్టిదన్నా.

గిట్టీ చేసేది చిన్న పని. స్క్రూ లోపలికి వెళ్లేకొద్దీ దాని చీలికలు విచ్చుకుని బెజ్జం గోడలను నలువైపులా ఒత్తుతాయి. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే పట్టు. కాబట్టి బెజ్జం సరిగ్గా గిట్టీ అంతే ఉండాలి. గిట్టీ మీద 8 అని ఉంటే బిట్ కూడా 8. "కొంచెం పెద్దదైతే సులువుగా దూరుతుంది కదా" అనే ప్రశ్న వేసేవాళ్లకి డ్రిల్లు ఇవ్వకూడదు. 6 గిట్టీకి 4 నుంచి 5 ఎం.ఎం. స్క్రూ, 8 గిట్టీకి నాలుగున్నర నుంచి 6 వరకు నడుస్తుంది. అంతకంటే సన్నని స్క్రూ వేస్తే గిట్టీ విచ్చుకోదు, లోపల ఊరికే కూర్చుని జీతం తీసుకుంటుంది.

పొడవు దగ్గర ఇంకో ఘోరం జరుగుతుంది. ఇంటి గోడ మీద మొదటి పొర పూత. దాని బలం సున్నం బిళ్లకి ఉన్నంత. గిట్టీ దాన్ని దాటి ఇటుకలోకి దిగాలి. గిట్టీ పొడవు, పూత మందం, బిగించే వస్తువు మందం, వీటికి స్క్రూ లావు ఒకసారి కలిపితే స్క్రూ పొడవు వస్తుంది. గిట్టీ 40, పూత 12, బ్రాకెట్ రేకు 3, స్క్రూ లావు 5 అయితే 60 ఎం.ఎం. స్క్రూ కావాలి, దాని మొన గిట్టీ చివర దాటి బయటికి రావాలి. మనవాడు వాడేది ఏ పాత రేడియోలోంచో ఊడదీసిన 25 ఎం.ఎం. స్క్రూ. అందులో 3 రేకుకి, 12 పూతకి పోతే ఇటుకకి మిగిలేది పదే. అందులో సగం అగ్గిపుల్ల పొట్టు.

బెజ్జం 65 ఎం.ఎం. లోతు రావాలంటే బిట్ మీద అంత దూరంలో టేపు ముక్క చుట్టాలి. టేపు గోడని తాకగానే ఆపాలి. మొదటి సెంటీమీటరు హ్యామర్ లేకుండా, నెమ్మదిగా. బిట్ దారిలో పడ్డాక హ్యామర్. ఇటుకల మధ్య సందులో పడితే ఎర్రపొడికి బదులు బూడిదరంగు ఇసుక రాలుతుంది. అక్కడ మొండికెయ్యకుండా నాలుగైదు సెంటీమీటర్లు జరిగి మళ్లీ మొదలుపెట్టాలి. పొడి మొత్తం బయటికి లాగాలి, లేకపోతే గిట్టీ సగంలో ఆగుతుంది, లేదా స్క్రూతో పాటు తనూ తిరుగుతుంది. నోటితో ఊదేవాళ్లకి ఆ పొడి నేరుగా కళ్లలోకి వచ్చి సమాధానం చెబుతుంది. టైలు ఉన్న గోడైతే మాస్కింగ్ టేపు అంటించి, టైలు బిట్‌తో, టైలు దాటేవరకు హ్యామర్ పూర్తిగా ఆపి. జిప్సం బోర్డు గోడకైతే ఈ గిట్టీలు పనికిరావు, వెనక్కి వెళ్లి విచ్చుకునే రకం వేరే ఉంటుంది. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, అడ్డంగా పక్కనా వైర్లు పోయే అవకాశం ఎక్కువ. అక్కడ డ్రిల్లు పెట్టేవాళ్లతో నాకు వాదన లేదు, కరెంటుకి ఉంటుంది.

అగ్గిపుల్లకి అన్యాయం చేయకూడదు. దానికీ ఒక చోటుంది. చెక్క తలుపుకి కీలు స్క్రూ వదులైతే, తల తీసేసిన పుల్లలు చెక్క జిగురులో ముంచి ఆ బెజ్జంలో కుక్కి, ఒక రాత్రి ఆరనిచ్చి, మిగిలింది కోసేసి మళ్లీ స్క్రూ ఎక్కిస్తే బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. చెక్కలో చెక్క, మధ్యలో జిగురు. వడ్రంగులు కూడా చేసే పనే. ఆ కిటుకు తలుపు దగ్గర చూసి, జిగురు మర్చిపోయి, గోడ దగ్గరికి తెచ్చినవాడే ఈ వ్యాసానికి కారకుడు.

అర ఊడాక బెజ్జంలో టూత్‌పేస్టు పూసేవాళ్లు ఈ సంప్రదాయంలో రెండో తరం. అది ఎండి ముడుచుకుని పగులుతుంది, పైన రంగు సరిగ్గా పట్టదు, గోడకి మాత్రం పుదీనా వాసనొస్తుంది. పుట్టీ రెండు పూతలుగా పెట్టి, 120 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 220తో రుద్ది, ప్రైమర్ వేస్తే సరిపోయేదానికి. పోనీ, అందులో ప్రాణాలు పోవు.

ప్రాణాలు పోయేది ఇంకోచోట.

ఐదు సొరుగుల బట్టల బీరువా కొన్నప్పుడు పెట్టెలో చాలాసార్లు దాన్ని గోడకి బిగించే రెండు నైలాన్ పట్టీలొస్తాయి. మూడేళ్ల పిల్ల కింది సొరుగు లాగుతుంది, దాని మీద కాలు వేస్తుంది, రెండోది లాగుతుంది, ఎక్కుతుంది. పిల్లకి అది మెట్లవరస. తెరిచిన సొరుగుల బరువూ పిల్ల బరువూ కలిసి ముందుకి రాగానే బీరువా మొత్తం పిల్ల మీద పడుతుంది. కేక వేసే వ్యవధి కూడా ఉండదు. ఇలా పసివాళ్లు చనిపోయాకే 2016లో అమెరికాలో ఐకియా దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది. 2022 చివర్లో అక్కడ దీనికోసం ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఇంత జరిగినా పట్టీ బిగించమంటే "గోడకి బెజ్జాలెందుకండీ, రంగు పాడవుతుంది" అంటారు. రంగు! బిగించినవాడైనా సరిగ్గా బిగిస్తాడా అంటే, ఒక కొసని బీరువా వెనక ఉన్న పలచని అట్టకి, రెండో కొసని ఏడు అగ్గిపుల్లలకి. బిగించానన్న నమ్మకంతో పిల్లని ఆ గదిలో వదిలి వెళతాడు. అసలు బిగించనివాడే నయం, వాడికి కనీసం భయమైనా ఉంటుంది. ఇందులో హాస్యం వెతుక్కునే ఓపిక నాకు లేదు.

పట్టీ పై కొస బీరువా చట్రం గట్టి చెక్కకి, వెనక అట్టకి కాదు. రెండో కొస గోడకి, ఇటుకలోకి దిగిన 8 గిట్టీ, 5 ఎం.ఎం. లావు స్క్రూ. ఇరువైపులా ఒక్కోటి. వదులు లేకుండా లాగి బిగించాక, పై సొరుగు తెరిచి రెండు చేతులతో ముందుకి గుంజి చూడాలి, రెండు వేళ్లతో కాదు. చెయ్యి తిరిగినవాడికి అరగంట పని, తిరగనివాడికి గంట.

పట్టీలు ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరినడిగినా వెంటనే చెబుతారు. కవరు కూడా విప్పలేదు, భద్రంగా ఉన్నాయి, గిట్టీల పక్కనే, చచ్చిన బ్యాటరీల సొరుగులో. ఆ సొరుగు ఆ బీరువాదే, పైనుంచి రెండోది.