ఏడు రోజుల్లో వియత్నాం మొత్తం? ఆ పోస్టులో ఒక్కో మాటా విడదీసి చూద్దాం

వాట్సాప్ గ్రూపుల్లోనూ రీల్స్‌లోనూ కొంతకాలంగా ఒకటే ప్లాన్ తిరుగుతోంది. అంకెలు అటూఇటూ మారినా సారం ఇదీ: “వియత్నాం ఏడు రోజుల్లో అయిపోతుంది. హనోయ్, హాలాంగ్ బే, డానాంగ్, హోయాన్, ఫూ క్వాక్. మనిషికి యాభై వేలలోపే, అన్నీ కలిపి. ఏ నెలలో వెళ్లినా సూపర్. వీసా ఎయిర్‌పోర్టులోనే ఇస్తారు, ఫూ క్వాక్‌కైతే అసలు అక్కర్లేదు. హాలాంగ్‌కు ఒక్క రోజు చాలు. ఇండియన్ ఫుడ్ ఎక్కడైనా దొరుకుతుంది.”

పూర్తి అబద్ధమైతే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇందులో ప్రతి వాక్యంలోనూ సగం నిజముంది. ఆ రెండో సగమే డబ్బునూ సెలవులనూ తినేస్తుంది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాటతో మొదలుపెడదాం.

“ఏ నెలలో వెళ్లినా సూపర్”

కాదు. హనోయ్ నుంచి హోచిమిన్ సిటీకి రైలు దారి 1,726 కిలోమీటర్లు. అంత పొడవున్న దేశానికి ఒకే వాతావరణం ఎలా ఉంటుంది? ఈ ప్లాన్‌లోని మూడు ప్రాంతాలకు మూడు వేర్వేరు కాలాలు.

ఉత్తరాన హనోయ్, హాలాంగ్. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ నిజంగానే చలి. ఫిబ్రవరి, మార్చిల్లో సన్నటి తుంపర, పొగమంచు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉక్కపోత, కుండపోత, తుపాన్లు. మధ్యన డానాంగ్, హోయాన్. ఇక్కడి లెక్క మన నెల్లూరు లెక్కలాంటిది: దేశమంతా వానలు వెనక్కి తగ్గే వేళకు ఈశాన్య గాలులు సముద్రం మీద తేమను మోసుకొచ్చి ఇక్కడ కుమ్మరిస్తాయి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలే, అందులో అక్టోబరు, నవంబరు మరీ గట్టివి. దక్షిణాన థాయిలాండ్ సింధుశాఖలో ఫూ క్వాక్ దీవి. దానికి నైరుతి రుతుపవనాలు, అంటే మే నుంచి అక్టోబరు దాకా వాన. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి.

ఇప్పుడు మన సెలవులను దీనిమీద పెట్టి చూడండి. తెలుగు కుటుంబాలు పిల్లలతో బయల్దేరేది ముఖ్యంగా మూడు సమయాల్లో.

సంక్రాంతికి వెళ్తే హనోయ్‌లో పదిహేను డిగ్రీల అటూఇటూ ఉంటుంది. హాలాంగ్‌లో బూడిదరంగు ఆకాశం, నీళ్లలో దిగే మాటే లేదు. డానాంగ్‌లో వాన తగ్గుముఖం పట్టినా సముద్రం చల్లగా, అలలు ఎత్తుగా ఉంటాయి. ఫూ క్వాక్ మాత్రం అద్దంలా ఉంటుంది. కాబట్టి జనవరిలో ఉత్తరాన్ని వదిలేసి హోచిమిన్ సిటీ, మెకాంగ్ డెల్టా, ఫూ క్వాక్ చూడటమే తెలివైన పని. నగరం, నది, బీచ్ మూడూ వస్తాయి, ఎండా దొరుకుతుంది. వాళ్ల చాంద్రమాన కొత్త సంవత్సరం ‘తెత్’ తేదీ మాత్రం ముందే చూసుకోవాలి. 2026లో అది ఫిబ్రవరి 17న, 2027లో ఫిబ్రవరి 6న. దానికి ముందు వారం, తర్వాతి వారం దేశమంతా సొంతూళ్లకు కదులుతుంది. టికెట్లు దొరకవు, చిన్న హోటళ్లూ దుకాణాలూ మూసేస్తారు.

దసరాకు వెళ్తే సీను తిరగబడుతుంది. హనోయ్‌లో అక్టోబరు హాయిగా ఉంటుంది, హాలాంగ్‌లో ఆకాశం తేటపడుతుంది. డానాంగ్, హోయాన్‌లకు మాత్రం అదే గడ్డు కాలం. హోయాన్ పాత పట్నం థు బోన్ నది ఒడ్డునే ఉంది. నది పొంగితే నీళ్లు నేరుగా లాంతర్ల వీధుల్లోకి వస్తాయి. 2025 అక్టోబరు చివర్లో ఆ వీధుల్లో పడవలు తిరిగాయి. పోస్టులో పెట్టే హోయాన్ ఫొటోలు అక్టోబరువి కావని వేరే చెప్పక్కర్లేదు.

వేసవి సెలవుల్లో డానాంగ్ మీ కీ బీచ్ మంచి ఊపులో ఉంటుంది. హనోయ్‌లో మన ఎండే, దానికి విజయవాడ ఉక్క అదనం. ఫూ క్వాక్‌లో మే నుంచి పడమటి వైపు బీచ్‌లకు అలల పోటు. అక్కడి పెద్ద రిసార్టుల్లో చాలావరకు ఉన్నది ఆ వైపే. ఆఫ్ సీజన్ ధర చూసి మురిసిపోయి బుక్ చేస్తే, ఈతకు దిగొద్దనే ఎర్రజెండా ఎదురుగా కనిపిస్తుంది.

మూడు ప్రాంతాలూ ఒకేసారి కుదిరేది మార్చి చివరి నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా. ఏప్రిల్ 30, మే 1 అక్కడ జాతీయ సెలవులు, బీచ్ ఊళ్లన్నీ స్థానికులతో కిక్కిరిసిపోతాయి.

“ఏడు రోజులు చాలు”

రోజుల వారీగా రాసి చూస్తే తెలిసిపోతుంది. రాత్రి విమానంలో వెళ్లి పొద్దున్నే హనోయ్‌లో దిగారనుకోండి, హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. ఆ రోజు పాత బజారు, హోవాన్ కీమ్ చెరువు. రెండో రోజు ఎనిమిదింటికి హాలాంగ్ బస్సు, మధ్యాహ్నం పన్నెండుకు క్రూజ్ ఎక్కడం. మూడో రోజు పదకొండుకు దిగి, బస్సులో హనోయ్ చేరేసరికి మూడు. అక్కడి నుంచి నోయ్ బాయ్ ఎయిర్‌పోర్టుకు ఇంకో ముప్పావుగంట, గంట. సాయంత్రం ఆరున్నరకు ముందు విమానం బుక్ చేయడం జూదమే. రాత్రికి డానాంగ్. నాలుగో రోజు డానాంగ్ దగ్గరి కొండ మీదున్న థీమ్ పార్కు బానా హిల్స్, ఐదో రోజు హోయాన్. ఆరో రోజు ఫూ క్వాక్ విమానం, నేరుగా దొరకకపోతే హోచిమిన్ సిటీ మీదుగా. ఏడో రోజు తిరుగు ప్రయాణం.

బీచ్ హాలిడే అని పేరు పెట్టుకుని ఫూ క్వాక్‌లో మిగిలింది ఒక్క సాయంత్రం. హోన్ థోమ్ దీవికి వెళ్లే దాదాపు ఎనిమిది కిలోమీటర్ల కేబుల్ కార్ గానీ, స్నార్కెలింగ్ గానీ అందులో పట్టవు.

దేశంలోపల ఒక్కో విమానం గంటా ఇరవై నిమిషాలో, రెండు గంటలో ఉండొచ్చు. గది ఖాళీ చేయడం, ట్యాక్సీ, కౌంటరు, బ్యాగుల కోసం ఎదురుచూడటం, మళ్లీ ట్యాక్సీ కలిపితే పూట పోతుంది. ఏడు రోజులుంటే రెండు ప్రాంతాలు, మూడూ కావాలంటే కనీసం పది రాత్రులు. హనోయ్‌లో దిగి హోచిమిన్ సిటీలో ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి వచ్చే ఒక ప్రయాణం తప్పుతుంది. హైదరాబాద్ నుంచి ఈ రెండు ఊళ్లకూ 2025లో నేరు విమానాలు మొదలయ్యాయి. అయితే రోజూ ఉండవు. ముందు అవి ఏయే రోజుల్లో ఉన్నాయో చూసుకుని, తర్వాత మిగతా ప్లాన్ వేసుకోవాలి.

క్రూజ్ దిగి డానాంగ్‌కో ఫూ క్వాక్‌కో వెళ్లేవాళ్లు హాయ్ ఫాంగ్ ఊరి కాత్ బీ ఎయిర్‌పోర్టు నుంచి విమానం ఉందేమో చూడండి. హాలాంగ్ నుంచి అది గంట దూరమే, హనోయ్ దాకా వెనక్కి పోనక్కర్లేదు.

ఇంకో చిక్కు విడివిడి టికెట్లతో. ఫూ క్వాక్ నుంచి వచ్చే విమానం ఒక కంపెనీది, హైదరాబాద్ విమానం ఇంకో కంపెనీదైతే, మొదటిది ఆలస్యమైనా రెండోవాళ్లు ఆగరు, డబ్బు తిరిగివ్వరు. హోచిమిన్ సిటీ తాన్ సోన్ న్యాత్ ఎయిర్‌పోర్టులో 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త దేశీయ టెర్మినల్ అంతర్జాతీయ టెర్మినల్‌కు ఎడంగా ఉంది. రెండింటి మధ్య నాలుగు గంటల వ్యవధి పెట్టుకోండి.

“వీసా ఎయిర్‌పోర్టులోనే”

ఇది నమ్మి బయల్దేరితే శంషాబాద్‌లోనే ఆగిపోతారు. భారత పాస్‌పోర్టుకు వియత్నాం వీసా తప్పనిసరి. ముందే ఆన్‌లైన్‌లో ఈ-వీసా తీసుకోవాలి. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లకు 50. గరిష్ఠంగా 90 రోజులు. ‘ఆన్ అరైవల్’ అని చెప్పేదానికి కూడా ముందుగా అనుమతి పత్రం ఉండాలి, అది లేకుండా బోర్డింగ్ పాస్ ఇవ్వరు. దరఖాస్తు చేయాల్సింది ప్రభుత్వ సైట్లో, చిరునామా చివర ‘డాట్ గవ్ డాట్ వీఎన్’ ఉంటుంది. వెతికితే పైన వచ్చే చాలా సైట్లు ఏజెంట్లవి, అదే వీసాకు రెండు మూడింతలు వసూలు చేస్తాయి.

మనవాళ్లకు ఎక్కువగా తేడా వచ్చేది పేరు దగ్గర. ఇంటిపేరు కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో, కొందరికి గివెన్ నేమ్‌లో కలిసి, కొందరికి ఒక్క అక్షరంగా ఉంటుంది. టికెట్ మీద ఉన్నట్టు కాదు, పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా నింపాలి. వీసా రాగానే పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, ప్రవేశ తేదీ నాలుగూ సరిచూసుకోండి. తప్పుంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు. రెండు వారాల ముందే చేసుకుంటే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. మధ్యలో కంబోడియా వెళ్లి అంకోర్ వాట్ చూసి తిరిగొచ్చే ఆలోచన ఉంటే పలుమార్ల వీసాయే తీసుకోవాలి.

ఫూ క్వాక్ మాట సంగతి: 30 రోజుల వీసా మినహాయింపు ఉన్నది నిజమే. కానీ అది విదేశం నుంచి నేరుగా గానీ, వియత్నాం ఎయిర్‌పోర్టులో బయటికి రాకుండా విమానం మారి గానీ ఆ దీవికి చేరి, అక్కడే ఉండి, అక్కడి నుంచే వెళ్లిపోయేవాళ్లకు. ఐదు ఊళ్ల ప్లాన్‌కూ దానికీ సంబంధమే లేదు.

“హాలాంగ్‌కు ఒక్క రోజు చాలు”

చూసొచ్చాం అనిపించుకోవడానికి చాలు. హనోయ్ నుంచి వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి అంతే. నీటి మీద మిగిలేది నాలుగైదు గంటలు, అందులో భోజనం, ఒక గుహ. అదీ అన్ని డే ట్రిప్ పడవలూ ఒకేసారి చేరే వేళలో. సుంగ్ సోట్ గుహలో మెట్ల మీద క్యూ కదలదు. సున్నపురాతి కొండల మధ్య వెలుగు మారే సాయంత్రం, తెల్లవారుజాము చూడాలంటే ఒక రాత్రి క్రూజ్ ఉండాల్సిందే. రద్దీ వద్దనుకుంటే కాత్ బా దీవి వైపున్న లాన్ హా బే పడవలు తీసుకోండి. అవే కొండలు, పడవలు తక్కువ. 2023లో యునెస్కో హాలాంగ్‌తో పాటు కాత్ బా దీవులనూ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది.

పోస్టులో ఎక్కడా లేనిది రద్దు సంగతి. పడవ కదలాలంటే రేవు అధికారుల అనుమతి ఉండాలి. తుపాను వస్తుందంటే ఆ పొద్దునే ఆపేస్తారు. 2024 సెప్టెంబరులో యాగీ తుపాను ఈ తీరాన్నే తాకింది. 2025 జూలై 19న ఉన్నట్టుండి వచ్చిన గాలివానకు పర్యాటకుల పడవ తిరగబడి ముప్పైమందికి పైగా చనిపోయారు. ఆపేశారని గొడవపడటం అనవసరం. బుక్ చేసేటప్పుడే వాతావరణం వల్ల రద్దయితే మొత్తం డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి. క్రూజ్‌ను ట్రిప్ మొదట్లో పెట్టి, తర్వాతి రోజు కొంచెం ఖాళీగా ఉంచుకోండి. రద్దయితే హనోయ్‌కు దక్షిణంగా వంద కిలోమీటర్లలోపే నిన్ బిన్ ఉంది. అక్కడి చాంగ్ ఆన్‌లో తెడ్డు వేసే పడవ మీద అవే రకం కొండల కింద నుంచి, గుహల్లోంచి దాదాపు మూడు గంటలు తిప్పుతారు. నిజానికి చాలామందికి హాలాంగ్ కంటే ఇదే నచ్చుతుంది.

ఆ పోస్టు కింద ప్రకృతి అద్భుతమంటూ ఫొటో పెట్టే గోల్డెన్ బ్రిడ్జ్ గురించి ఒక్క ముక్క. అది 2018లో కట్టిన వంతెన, బానా హిల్స్ థీమ్ పార్కులో భాగం. కొండ మీద కాబట్టి కింద డానాంగ్‌లో ఎండ కాస్తున్నా పైన మబ్బు కమ్మి, వంతెనను పట్టుకున్నట్టుండే ఆ పెద్ద చేతులు కూడా కనబడని రోజులుంటాయి. తొలి కేబుల్ కార్‌లో వెళ్లడం, టికెట్ ఆకాశం చూశాక కొనడం మేలు. అదే రోజును హోయాన్ నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ సోన్‌కు ఇస్తే, ఒకప్పటి చంపా రాజ్యపు రాజులు శివుడికి కట్టిన ఇటుక గుళ్లు, సంస్కృత శాసనాలు చూడొచ్చు. మనవాళ్లు అక్కడికి ఎందుకు తక్కువ వెళ్తారో అర్థం కాదు.

“యాభై వేలలోపే, అన్నీ కలిపి”

ఆ ‘అన్నీ’లో ఏవి లేవో అడగండి. వీసా, లోపలి విమానాల్లో చెక్-ఇన్ బ్యాగు, బానా హిల్స్, హోన్ థోమ్ కేబుల్ కార్లు, మధ్యాహ్న, రాత్రి భోజనాలు చాలాసార్లు బయటే ఉంటాయి. బానా హిల్స్ టికెట్ ఒక్కటే పది లక్షల డాంగ్‌ల దరిదాపు, మన డబ్బులో మూడు వేల పైచిలుకు. చౌక విమానాల్లో చేతి సంచితో కలిపి ఏడు కిలోలే, గేటు దగ్గర తూస్తారు.

డాంగ్‌లను రూపాయల్లోకి మార్చడానికి మూడు సున్నాలు కొట్టేసి మూడుతో హెచ్చవేసి పైన కొంచెం కలపండి. నోట్లతో మాత్రం జాగ్రత్త: 20 వేలదీ, 5 లక్షలదీ రెండూ నీలమే. చీకట్లో ట్యాక్సీవాడికి డెబ్బై రూపాయల నోటనుకుని పదిహేడు వందలది ఇచ్చేస్తారు. 5 లక్షల నోట్లు వేరే జేబులో పెట్టుకోండి, ట్యాక్సీని గ్రాబ్ యాప్‌లో పిలవండి.

“ఇండియన్ ఫుడ్ ఎక్కడైనా”

ఈ ఊళ్లలో ఇండియన్ హోటళ్లున్న మాట నిజం, ధర ఎక్కువ. శాకాహారులకు అసలు ఇబ్బంది చేప సాస్, ఎముకల రసం. కూరగాయల ఫో (అక్కడి నూడుల్స్ సూప్) అని తెచ్చిన గిన్నెలోనూ రసం మాంసానిదే కావొచ్చు. బోర్డు మీద సి-హెచ్-ఎ-వై అనే నాలుగక్షరాలున్న హోటల్ వెతకండి, అది పూర్తి శాకాహారం. క్రూజ్ మీద మాత్రం మాంసం, చేప, చేప సాస్, గుడ్డు ఏవేవి వద్దో బుకింగ్‌లోనే రాసి పంపాలి. సరుకులు రేవులోనే ఎక్కించుకుంటారు కాబట్టి, ఎక్కాక చెబితే దొరికేది తెల్లన్నం, ఉడికించిన క్యాబేజీ.